బలహీనుడెవరు? మాంసాహార నీతిపై ఆండ్రూ లింజీ వాదన – బోధన్ ప్రాంత సంఘాల దృష్టితో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

మాంసం తినడం క్రైస్తవునికి తగునా అన్నది మన సంఘాలలో చాలాకాలం ప్రశ్నగానే లేదు. పేతురు చూచిన దుప్పటి దర్శనం (అపొ. కా. 10), దేవుడు సృజించిన ప్రతిదీ మంచిదన్న పౌలు బోధ (1 తిమోతి 4:4) – ఈ రెండు వాక్యభాగాలతో చర్చ ముగిసిపోయేది. నేడు అలా ముగియడం లేదు. చదువుల కోసం పట్టణాలకు వెళ్లిన యౌవనస్థులు జంతువుల బాధ, పర్యావరణం, ఆరోగ్యం అనే మూడు ప్రశ్నలతో తిరిగి వస్తున్నారు. మరోవైపు, పెద్దకూర తినే విశ్వాసిని ఇంకా మారుమనస్సు పొందనివానిగా చూచే ధోరణి కొన్ని సంఘాలలో కనబడుతున్నది. ప్రేమవిందులో ఏమి వండాలన్న చిన్న తీర్మానం, ఎవరు పంక్తిలో కూర్చుంటారో ఎవరు ఏదో పని చెప్పి ఇంటికి వెళ్లిపోతారో నిర్ణయిస్తున్నది. కనుక ఇది కాపరులు దాటవేయదగిన విషయం కాదు.

ఈ వ్యాసంలో మేము ఆండ్రూ లింజీ రచించిన ‘యానిమల్ థియాలజీ’ (1994) గ్రంథంలోని శాకాహార వాదనను బోధన్, నిజామాబాదు ప్రాంత సంఘాల జీవితానికి ఎదురుగా ఉంచి పరిశీలించదలచాము. మాంసాహారాన్ని ప్రశ్నించే క్రైస్తవ రచనలలో దీని వేదాంత పునాది బలమైనదని మా అభిప్రాయం. బలమైన వాదనను పరీక్షించినప్పుడే మన జవాబుకు విలువ ఉంటుంది. మా ప్రతిపాదన ఇది: బలహీనులకు నైతిక ప్రాధాన్యం ఇవ్వాలన్న లింజీ సూత్రం సరియైనది. కాని తెలుగు నేలపై బలహీనుడెవరని ముందుగా అడుగకుండా దానిని అన్వయించినచో ఆ సూత్రమే తలక్రిందులవుతుంది.

1. లింజీ వాదన

లింజీ ఆంగ్లికన్ సంఘ గురువు. 2006లో ఆక్స్‌ఫర్డ్ జంతునీతి కేంద్రాన్ని స్థాపించారు. ఆయన వాదనను మూడు మెట్లుగా చెప్పవచ్చు.

మొదటిది, జంతువుల హక్కులకు ఆధారం దేవుని హక్కే. జీవులు తమంతట తాము సంపాదించుకొన్న హక్కులు ఏమీ లేవు. అవి దేవునివి కనుక వాటిని ఇష్టానుసారంగా వాడుకొనే అధికారం మనకు లేదు. రెండవది, క్రీస్తులో అధికుడు అల్పుని కొరకు తన్ను తాను అర్పించుకొన్నాడు. కాబట్టి మానవుడు జంతువు కంటె అధికుడైతే, ఆ ఆధిక్యం సేవకే గాని దోపిడికి కాదు. తనను తాను కాపాడుకోలేని పసిబిడ్డకు తల్లిదండ్రులు ఎంత బాధ్యులో, నోరులేని జీవికి మనిషి అంత బాధ్యుడు. మూడవది, ఆదియందు దేవుడు మనుష్యులకును జంతువులకును శాకములనే ఆహారంగా నియమించెను (ఆది. 1:29–30). జలప్రళయానంతరం వచ్చిన మాంస అనుమతి (ఆది. 9:3) పాపలోకానికి ఇచ్చిన సడలింపు మాత్రమే. యెషయా చూచిన రాజ్యంలో తోడేలు, గొఱ్ఱెపిల్ల కలసి నివసిస్తాయి (యెషయా 11:6–9). కనుక చంపకుండా బ్రతుకగలిగిన చోట శాకాహారం ఆ సమాధాన రాజ్యం వైపు ఒక అడుగు.

పీటర్ సింగర్ ‘యానిమల్ లిబరేషన్’ (1975) బాధననుభవించే శక్తిని ఆధారం చేసుకొన్నది. లింజీ సిలువను ఆధారం చేసుకొన్నారు. మన ప్రసంగ వేదికలకు ఇది అవసరమైన హెచ్చరిక. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకొంటాడన్న సామెత (12:10), నూర్చెడి యెద్దు మూతికి చిక్కము వేయరాదన్న ఆజ్ఞ (ద్వితీ. 25:4), నీనెవెలోని పశువులను కూడ లెక్కించిన దేవుని కనికరం (యోనా 4:11) – వీటిపై మనం విన్న ప్రసంగాలు ఎన్ని? ఇంతవరకు మేము లింజీతో ఏకీభవిస్తాము.

2. అనుమతిని సడలింపుగానే చదువవచ్చునా?

ఆదికాండము 9వ అధ్యాయాన్ని లింజీ సడలింపుగా చదువుతారు. పరిత్యాగపత్రిక విషయంలో ప్రభువు హృదయకాఠిన్యాన్ని కారణంగా చూపినట్లు (మార్కు 10:5) ఇక్కడ వాక్యభాగం ఏ కారణాన్నీ చూపలేదు. ఒక హద్దును మాత్రం పెట్టినది. రక్తం తినకూడదు, ఏలయనగా అది ప్రాణం (9:4). పైగా అదే అధ్యాయంలో దేవుడు నోవహుతోనే గాక ఓడలోనుండి బయటికి వచ్చిన సమస్త జంతువులతో నిబంధన చేసెను (9:9–10). మాంసాన్ని అనుమతించిన నోటితోనే ఆ జంతువును నిబంధన భాగస్వామిగా పిలిచెను. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు తేలేది ఇది: తినుటకు అనుమతి కలదు గాని, తిన్నవాడు ఆ ప్రాణానికి యజమాని కాడు.

ప్రభువు చేప తినుటను గూర్చి లింజీ ఇచ్చే వివరణ కూడ పరిశీలింపదగినది. ఆనాటి పాలస్తీనాలో మాంసకృత్తులు దొరుకుట కష్టం కనుక అది అవసరమై ఉండవచ్చునని ఆయన భావం. అయితే పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల యెదుట కాల్చిన చేపముక్కను తిన్నట్లు లూకా వ్రాసెను (24:42–43). మహిమ శరీరానికి మాంసకృత్తుల కొరత ఉండదు. సందేహించుచున్న శిష్యులకు తాను నిజముగా సజీవుడనని చూపుటకు, వారి భోజనంలో పాలుపొందుటకు ఆయన తినెను. అంటే సువార్తలలో భోజనం ముఖ్యంగా సహవాసానికి గురుతు. లింజీ వాదనలో ఈ సహవాస కోణం బలహీనంగా ఉన్నది. పళ్లెంలో ఏమున్నదని ఆయన జాగ్రత్తగా అడిగారు. పళ్లెం ముందు ఎవరు కూర్చున్నారని తగినంతగా అడుగలేదు.

3. ‘అవసరం’ ఎవరు నిర్ణయిస్తారు?

అవసరం లేనిచోట చంపరాదన్నది లింజీ వాదనకు ఆయువుపట్టు. అవసరమున్నవారిని ఆయన నిందించరు. అయితే ఆ అవసరాన్ని కొలిచేది ఎవరు?

2014లో జరిగిన నమూనా నమోదు వ్యవస్థ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులు. అయినను ఇక్కడి ప్రజలు మాంసంతో బలిసినవారు కారు. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో 5 ఏళ్లలోపు పిల్లలలో దాదాపు 70 శాతం మందికి, 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినది. మాంసాహారి అని నమోదైన ఇంట్లో ఆదివారం ఒక్కపూట కూర, మిగిలిన దినములు అన్నం, చారు, పచ్చడి ఉండవచ్చు. బి12 విటమిన్ సహజంగా జంతు సంబంధమైన ఆహారంలోనే లభిస్తుంది. మాంసంలోని ఇనుము ఆకుకూరలలోని ఇనుము కంటె శరీరానికి సులభంగా పడుతుంది. యాటకూర కొనలేని ఇంటికి పెద్దకూర, గుడ్డు, ఎండుచేప తక్కువ ఖర్చులో అందే బలం. పాలు, పప్పులు, పండ్లు ప్రతిదినం కొనగలిగిన ఇల్లు మాంసం మానుట ఒక త్యాగం కావచ్చు. కొనలేని ఇల్లు మానుట తల్లికీ బిడ్డకూ నష్టం.

అయితే శాకాహారం ధనికులకే సాధ్యమని మేము చెప్పుట లేదు. జహీరాబాదు సమీపంలోని పస్తాపూరులో 1983 నుండి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత స్త్రీల సంఘాలు జొన్న, సజ్జ, కొర్రలతో పప్పుధాన్యాలను కలిపి పండిస్తూ తమ ఆహారంపై తమ అధికారాన్ని నిలబెట్టుకొన్నాయి. మంచి శాకాహారం కావాలంటే భూమి, విత్తనం, పంట ఎంపిక పేదవాని చేతిలో ఉండాలని ఈ ఉదాహరణ చూపుతున్నది. మంజీరపై 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ కాలువలతో బోధన్ ప్రాంతం వరికి, చెరకుకు మళ్లినది. కూలివాని పళ్లెంలో ఏమి ఉండాలో ఆ కూలివాడు నిర్ణయించలేదు.

4. రోమాలో, కొరింథులో, బోధన్‌లో

ఇప్పుడు ముఖ్యమైన వాక్యభాగానికి వద్దాము. రోమా 14లో పౌలు కూరగాయలే తినువానిని విశ్వాసములో బలహీనుడని పిలిచి, సహోదరునికి అడ్డం కలుగునట్లయితే మాంసము మానుట మంచిదని హితవు చెప్పెను (14:2, 21). గ్రీకు మూలంలో అక్కడ ‘లఖానా’ అనగా కూరగాయలు, ‘క్రెయా’ అనగా మాంసము. మన ప్రాంతంలో ఈ వచనం తరచుగా ఇలా అన్వయింపబడుతున్నది: పొరుగువారు నొచ్చుకొంటారు గనుక, సాక్ష్యం చెడుతుంది గనుక విశ్వాసి పెద్దకూర మానాలి. పైకి ఇది పౌలు మాటవలెనే వినబడుతుంది.

కాని సందర్భాలను పోల్చి చూడండి. రోమాలో కూరగాయలు మాత్రమే తిన్నవారు చాలావరకు యూదా నేపథ్యం గలవారని పండితుల అభిప్రాయం. క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను నగరం నుండి వెళ్లగొట్టెను. ఆయన మరణానంతరం తిరిగి వచ్చిన వారు అన్యజనుల చేతిలోనికి వెళ్లిన సంఘంలో అల్పసంఖ్యాకులైరి. విగ్రహార్పిత భయంతో వారు మాంసం ముట్టలేదు. కొరింథు విషయంలో గెర్డ్ థైసెన్ 1970లలో చేసిన పరిశోధన మరొక మెళకువ నేర్పినది. ఆ పట్టణంలో పేదలకు మాంసం పండుగలలో, బహిరంగ విందులలో మాత్రమే దొరికేది. కటిక అంగడిలో కొని ఇంటిలో వండుకొనగలిగినవారు సంపన్నులు. అనగా రెండు చోట్లను మాంసం తినువాడు సామాజికంగా బలవంతుడు, తిననివాడు బలహీనుడు. త్యాగం చేయుమని పౌలు అడిగినది బలవంతునే.

బోధన్‌లో ఈ లెక్క తిరగబడినది. ఇక్కడ శాకాహారం తరతరాలుగా ఉన్నత స్థితికి గురుతు. పెద్దకూర తినుట అంటరానితనానికి సాకు. ఎడ్లు దుక్కి దున్నాయి, చెరకు బండ్లు లాగాయి. ఎద్దు చచ్చినప్పుడు దానిని మోసుకొని పోయి, తోలు వలిచి, మోటకు తోలుబొక్కెన, కాళ్లకు చెప్పులు కుట్టి ఇచ్చినవారు మాదిగలు. ఊరికి తోలు దక్కినది. తోలు తీసినవారికి వెలి దక్కినది. ఆ వెలిలో ఆకలి తీర్చిన కూరనే మన సంఘం సాక్ష్యం పేరిట మానుమని అడిగితే, త్యాగం బలహీనుని మీద పడుతుంది. బలవంతుని అభిరుచి పరిశుద్ధతగా ప్రకటింపబడుతుంది. ఇది పౌలు వాక్యాన్ని పాటించుట కాదు. లేనివారిని సిగ్గుపరచుచున్నారని కొరింథీయులను ఆయన గద్దించినది ఇటువంటి బల్లను గూర్చియే (1 కొరింథీ. 11:20–22).

ఒక జాగ్రత్త అవసరం. బలము, బలహీనత అన్ని చోట్లను పుట్టుకతోనే స్థిరపడవు. శాకాహార కుటుంబం నుండి ఒంటరిగా క్రీస్తునొద్దకు వచ్చి, ఇంటివారిని పోగొట్టుకొన్న విశ్వాసి మన విందులో బలహీనుడే. అతని ముందు మాంసం పెట్టి, ‘తింటేనే విశ్వాసం’ అని నవ్వుట పాపం. ఆ బల్ల దగ్గర ఎవరు ఒంటరివారో, ఎవరి తల వంగి ఉన్నదో కాపరి ముందుగా చూడాలి.

5. మానుటలో రెండు దారులు

దళిత ఉద్యమ చరిత్ర ఈ విషయంలో ఏకస్వరంగా లేదు. 1927లో మహద్ సభలో డాక్టర్ అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానుమని తన ప్రజలకు పిలుపునిచ్చారు. అదే అంబేద్కర్ 1948లో ప్రచురించిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో అంటరానితనం పుట్టుకను గోమాంస భక్షణతో ముడిపెట్టి, దానిని నేరంగా మార్చిన వ్యవస్థను ప్రశ్నించారు. ఆ చారిత్రక నిర్ధారణపై పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ (1888–1939) జీవరక్ష జ్ఞాన ప్రచారక మండలితో కలిసి జంతుబలికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. మద్యపానాన్ని, జోగిని ఆచారాన్ని కూడ ఎదిరించారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు జరిపిన పెద్దకూర పండుగ మరొక దారి. అది ఘర్షణకు దారి తీసినది.

వీటిని ఒకదానికొకటి విరుద్ధమని కొట్టివేయనక్కరలేదు. దానియేలు రాజు భోజనాన్ని నిరాకరించి శాకములు తినెను (దానియేలు 1). అది రాజాధికారానికి లొంగని ఒక చెరపట్టబడిన యౌవనస్థుని నిర్ణయం. చచ్చిన పశువును తిననని చెప్పిన దళితుని నిర్ణయం దానికి దగ్గరగా ఉన్నది. తన గౌరవం కొరకు మనిషి తానే మానుకొనుట ఒకటి. గౌరవం కావాలంటే మానుమని పైనున్నవాడు షరతు పెట్టుట వేరొకటి. మొదటిదానిని సంఘం ఘనపరచాలి. రెండవదానికి సంఘం నోరు కాకూడదు.

చట్టం గూర్చియు ఒక మాట. 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం ఆవును, దూడను వధించుటను నిషేధించి, వ్యవసాయానికి, పాడికి, సంతానోత్పత్తికి పనికిరాని ఎద్దులను, బర్రెలను అధికారి ధ్రువపత్రంతో వధించుటకు వీలు కల్పించినది. కాపరులు దీనిని తెలిసికొని బోధించాలి. క్రైస్తవ స్వేచ్ఛ చట్టాన్ని మీరుటకు సాకు కాదు. చట్టం నిషేధించని దానిని పాపమని ప్రకటించే అధికారం కూడ మనకు లేదు.

6. మన స్వేచ్ఛకు హద్దు

ఇంతవరకు చెప్పినదానిని ఆధారం చేసుకొని, ‘ఏమైనను తినవచ్చు, ఎంతైనను తినవచ్చు’ అని ఎవరైనా ముగించినచో మా ఉద్దేశము చెడుతుంది. లింజీ ప్రశ్న ఇంకను మన యెదుట నిలిచియున్నది.

నేడు మన విందులలో ఎక్కువగా వండేది వాకిట్లో తిరిగిన నాటుకోడి కాదు. షెడ్డులో కిక్కిరిసి పెరిగి, దాదాపు ఆరు వారాలకే కత్తికి వెళ్లే బాయిలర్ కోడి. గుడ్లుపెట్టే కోళ్లలో చాలావాటికి తీగల పంజరంలో ఒక కాగితమంత చోటే దొరుకుతుంది. రెక్క చాపుటకు కూడ వీలుండదు. భారత న్యాయ సంఘం 2017లో తన 269వ నివేదికలో ఈ పద్ధతులను సవరించుమని సిఫారసు చేసినది. నిజామాబాదు రైతులు పండించే మొక్కజొన్న, సోయా కోళ్ల దాణాకు కూడ వెళ్తాయి. ప్రపంచవ్యాప్తంగా మానవ కార్యకలాపాల వలన వెలువడే హరితగృహ వాయువులలో 14.5 శాతం పశుపోషణ రంగానిదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో లెక్క కట్టినది. ఈ భారం వారానికొకసారి తినే కూలివానిది కాదు. ప్రతిపూట తిని, సగం పారవేసేవారిది.

పెండ్లి దావత్‌లను చూడండి. ఎన్ని యాటలు కోశారన్నది పరువుకు కొలత అయినది. అప్పు తెచ్చి మాంసం వడ్డించిన తండ్రి ఏండ్ల తరబడి వడ్డీ కడుతున్నాడు. ఇశ్రాయేలీయులు పూరేళ్ల కొరకు ఆశపడిన చోటికి ఆశ సమాధులు అనే అర్థంతో కిబ్రోతు హత్తావా అని పేరు వచ్చెను (సంఖ్యా. 11:34). అక్కడ దేవుడు శిక్షించినది మాంసాన్ని కాదు, తృప్తిలేని ఆశను. రక్తం నేలమీద పోయవలెనన్న నియమము (ద్వితీ. 12:16) యొక్క ఆత్మ మన కాలంలో ఇదే: ఈ ప్రాణం నాది కాదు, దీనిని తేలికగా తీసికొనరాదు.

7. చెరకు కూడ శాకమే

శాకాహారం దానంతట అదే నిర్దోషమైనదన్న భావనను కూడ పరీక్షించాలి. ఏకచక్రపురమే నేటి బోధన్ అని ఇక్కడివారి నమ్మిక. భారత కథలో ఊరివారు వంతులవారీగా బకాసురునికి బండెడు అన్నమును, దున్నపోతులను, వాటితో ఒక మనిషిని పంపేవారు. ఆ బండిలో ఎక్కువ భాగం అన్నమే. అయినను ఆ భోజనం మనుష్య భక్షణమే. తన జనుల మాంసమును తిని, వారి చర్మమును ఒలిచిన అధిపతులను మీకా గద్దించినప్పుడు (మీకా 3:1–3) అతడు మాట్లాడినది వంటను గూర్చి కాదు, అన్యాయాన్ని గూర్చి.

1937లో శక్కర్‌నగర్‌లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోని పెద్ద కర్మాగారాలలో ఒకటి. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోనికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడినది. చక్కెరలో మాంసం లేదు. కాని దానిలో ఎడ్ల మెడలపై కాడి పుండ్లు, చెరకు నరికినవారి చేతుల కోతలు, పని పోయిన కార్మికుల ఇండ్లలో ఆరిన పొయ్యిలు ఉన్నాయి. తీపి తిన్నవాడు మాంసం తిన్నవానిని తీర్పు తీర్చే ముందు ఈ బండిని కూడ చూడాలి. ఇది మాంసాహారికి క్షమాపణ పత్రం కాదు. ఇద్దరినీ ఒకే న్యాయపీఠం ముందు నిలుపుట మా ఉద్దేశము.

ముగింపు

లింజీ మనకు చూపిన జంతువు నిజంగా బలహీనమైనది. ఆయన చూడని పేదవాడు కూడ బలహీనుడే. ఒకరి పక్షాన నిలిచేందుకు మరొకరిని బలిపెట్టని నీతి మన సంఘాలకు కావాలి. 1915లో కెర్ దంపతులు డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి తెరిచినప్పటినుండి ఈ జిల్లాలో క్రైస్తవ పరిచర్యకు ఉన్న పేరు, వెలివేయబడినవారిని చేర్చుకొన్న పరిచర్య అనియే. మన విందులు ఆ పేరు నిలబెట్టవలెను. కాబట్టి తోటి కాపరులకు, వేదాంత విద్యార్థులకు మా సూచనలు ఇవి.

ఒకటి, బాప్తిస్మమునకు గాని, ప్రభురాత్రి భోజనమునకు గాని, సంఘపెద్దల ఎన్నికకు గాని ఆహారాన్ని అర్హతగా ఉంచరాదు (కొలొస్స. 2:16). రెండు, ప్రేమవిందులో పంక్తి ఒక్కటే ఉండాలి. శాకాహారం, మాంసాహారం రెండును ఉండవచ్చు గాని తినేవారికి వేరు వరుసలు ఉండరాదు. ఏమి వండాలని అడిగేటప్పుడు సంఘంలోని బీద కుటుంబాన్ని ముందుగా అడగాలి. మూడు, దేవుని సృష్టియెడల ప్రేమతో మాంసం మానిన విశ్వాసిని గౌరవించాలి. అతడు తన వ్రతాన్ని ఇతరులపై ధర్మశాస్త్రంగా మోపరాదు. నాలుగు, పెండ్లి విందులలో మితం పాటించుటను కాపరి ధైర్యంగా బోధించాలి. అయిదు, కోత పండుగ నాడు ధాన్యంతోపాటు మనకు ఆహారమైన, మన కొరకు పనిచేసిన జంతువులను గూర్చి కూడ ప్రార్థన చేయాలి.

తినువాడు తిననివానిని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు, ఏలయనగా దేవుడు ఇద్దరినీ చేర్చుకొన్నాడన్నది పౌలు బోధ సారాంశం (రోమా 14:3). దేవుడు చేర్చుకొన్నవానిని మన వంటశాల బయట నిలుపకుండుటయే ఈ చర్చలో మన మొదటి విధేయత. ఆ ఇద్దరి కొరకు ప్రాణమిచ్చిన జీవిని దయతో పెంచి, మితంగా తిని, దేవునికి లెక్క అప్పగింపవలసినవారమని జ్ఞాపకముంచుకొనుట మన రెండవ విధేయత.